పురుగు సంతకం

మొగుడిలో లోపాలు ఎంచడం మొదలుపెడితే ఏ ఇల్లాలికీ పొద్దు చాలదు. ఈ కథలోని ఇల్లాలు మాత్రం అంత శ్రమ పెట్టుకోలేదు. ఆమె చూపులో ఆయనకున్న లోపం ఒక్కటే: లోపం లేనిదాన్ని దేన్నీ నమ్మడు. అలాంటి మనిషి తనను చూసీ చూడగానే చేసుకుంటానన్నాడంటే తనలో ఏ లోపం కనబడిందోనని ఆమెకు ఇప్పటికీ అనుమానమే. అడిగితే చెప్పడు. "అన్నీ పైకి చెప్పుకుంటామా" అంటాడు.

పోనీ ఉద్యోగం అలాంటిదా అంటే, కానే కాదు. ఆయన బోల్టుల ఫ్యాక్టరీలో తనిఖీ ఇన్‌స్పెక్టరు. అక్కడ వెంట్రుకవాసి తేడా ఉన్న బోల్టును కూడా ఎర్ర డబ్బాలోకి విసిరేస్తాడు. జేబులో పెన్ను లేకుండానైనా గడప దాటతాడు గానీ, మందాలు కొలిచే వెర్నియరు లేకుండా దాటడు. పగలంతా వంకలున్నవాటిని ఏరి పారేసి, ఇంటికొచ్చాక వంకలేనివాటిని ఏరి పారేస్తాడు. నున్నగా మెరిసే టమాటా కనబడితే దొంగను చూసినట్టు చూస్తాడు. కాళ్లు మెలిపెట్టుకున్న ముల్లంగి దొరికితే మాత్రం, "చూడు, ఎంత నిజాయితీగా ఉందో!" అని దీపం దగ్గరికి తీసుకెళ్లి మరీ చూపిస్తాడు.

"పురుగు తిననిది మనిషి తినకూడదమ్మా" అని తల్లికి పాఠం చెప్పాడొకసారి. "పురుగే మొదటి ఇన్‌స్పెక్టరు. అది పాస్ చేశాకే మనం ముట్టుకోవాలి."

"అంటే ఇన్నాళ్లూ నాకు పెడుతున్నది పురుగు ఎంగిలన్నమాట" అంది అత్తగారు, చదువుతున్న పేపరు దించకుండానే.

ఆ ఇంటికి కూరగాయలు తోటవాటా మీద వచ్చేవి. సీజను మొదట్లో డబ్బు కట్టేస్తే, ఊరి చివర తోటలో ఏది పండితే అందులో ఒక వాటా, ప్రతి శనివారం ఉదయం స్కూలు మైదానంలో జరిగే రైతుల సంతలో పెట్టెలో పెట్టి ఇస్తారు. ఏరుకోవడం ఉండదు, ఇది కావాలి అది వద్దు అనడం ఉండదు. భూమి ఏమిస్తే అదే. బీట్‌రూట్ల వారం వచ్చిందంటే ఇంటిల్లిపాది నాలుకలూ గులాబీరంగు. ఈ ఏర్పాటులోకి ఇంటిని లాగింది ఇల్లాలే. శనివారం ఆ మైదానంలో గడిపే కాసేపు ఆమెకు వారంలో తనదంటూ మిగిలిన సమయం. పెట్టె అందుకోవడం ఒక నిమిషం పని. తోటావిడతో వ్యాను వెనక నిలబడి లోకాన్ని ఉతికి ఆరేసే పని మాత్రం అంత తొందరగా తెమిలేది కాదు.

తోటావిడ ఒకప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పింది. పిల్లలకు పాఠాలు ఎక్కవు, మొక్కలకు నీళ్లైనా ఎక్కుతాయని ఉద్యోగం మానేసి తోట పెట్టింది. గొంతు మాత్రం ఇంకా చివరి బెంచీకి వినబడేదే.

కిందటి సీజనులో ఆవిడ ఆకుకూరల నిండా చిల్లులే. మిగతా వాటాదారులు మొహాలు ముడిచారు గానీ, ఇన్‌స్పెక్టరుగారు పెట్టె మీద చెయ్యేసి అక్కడికక్కడే ఉపన్యాసం ఇచ్చాడు. చిల్లున్న చోట మందు లేదు, మందు లేని చోట భయం లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. సెలూను నడిపే ఆయనా, మందుల షాపావిడా తలలూపారు. మరుసటి వారం నుంచి జనం పెట్టెల్లో చిల్లులు వెతుక్కుని మురిసిపోయారు. తోటావిడ ఆయనకు 'చిల్లుల మాస్టారు' అని పేరు పెట్టింది. ఆయన దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు.

అసలు చిక్కు ఈ సీజనులో వచ్చింది. సగం పంట పురుగులకు పెట్టడం ఇష్టంలేక తోటావిడ మడులన్నిటి మీదా దోమతెర లాంటి సన్నని వలలు కప్పింది. ఒకరోజు ఇల్లాలు కూడా తోటకు వెళ్లి, చెమటలు కక్కుతూ ఆ వలల అంచులు కుట్టిపెట్టింది. దాంతో పాలకూర చిల్లన్నది లేకుండా, ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టు వచ్చింది.

ఇన్‌స్పెక్టరుగారు ఆకును ఎండకు పట్టి చూశాడు. తిప్పి చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

"ఏదో మందు కొడుతోంది" అన్నాడు.

"వల కప్పిందండీ. నేనే కుట్టాను. వేలికి సూది గుచ్చుకుంది కూడాను."

"వలలోంచి గాలి వస్తుందా?"

"వస్తుంది."

"గాలి వచ్చినప్పుడు పురుగు రాదా?"

"గాలికి వెర్నియరు పెట్టి కొలిచేంత మందం ఉండదు కదండీ!"

ఆయన వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పైగా, కెమిస్ట్రీ చదివిన మనిషికి మందుల సంగతి తెలియకుండా ఉంటుందా అని ఇంకో మెలిక పెట్టాడు. ఇంట్లో అన్నా బాగుండేది. సంతలో సెలూనాయన చెవిలో అన్నాడు. సెలూనాయన చెవిలో పడ్డ మాట ఊళ్లో ఎన్ని తలలుంటే అన్ని తలలకూ చేరుతుంది. తోటావిడ 'వల కింద పెంచినవి' అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి వ్యానుకు తగిలించింది. అయినా పెట్టెలు తీసుకునేటప్పుడు జనం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడటం మొదలుపెట్టారు.

సీజను చివరి శనివారం దగ్గర పడుతోంది. వచ్చే సీజనుకు వాటా ఉంచుకుంటారో తప్పుకుంటారో ఆ రోజే చెప్పాలి. ఆ మాటల మీదే తోటావిడ విత్తనాలు కొంటుంది. సగం మంది తప్పుకున్నా సంతకు రావడం మానేసి, పంటంతా ఏ హోటలుకో పోసేస్తానని వ్యాను వెనక ఇల్లాలితో అంది. అది చెప్పినప్పుడు మాత్రం ఆ గొంతు చివరి బెంచీకి కాదు కదా, మొదటి బెంచీకి కూడా వినబడలేదు.

ఆ సాయంత్రం ఇల్లాలు మొగుడిని మళ్లీ కదిపింది. "బోర్డు రాసిపెట్టింది కదండీ."

"బోర్డు ఎవరైనా రాస్తారు. చిల్లు అంటే పురుగు పెట్టే సంతకం. దాన్ని ఎవరూ ఫోర్జరీ చెయ్యలేరు" అని ఆయన దిండు సర్దుకుని పడుకున్నాడు.

చెయ్యలేరా? ఇల్లాలు వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఆ మాటను పుల్లటి పిప్పరమెంటులా చాలాసేపు చప్పరించింది.

తరువాతి శనివారం ఆయనకు ఫ్యాక్టరీలో డ్యూటీ పడింది. పెట్టె తేవడానికి అత్తాకోడళ్లే వెళ్లారు. ఇంటికి వచ్చాక ఇల్లాలు పాలకూర కట్ట విప్పి, కడిగి, తుడిచి, మొగుడి బల్ల సొరుగులోంచి కాగితాలకు చిల్లులు వేసే పంచింగ్ మిషను తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. అత్తగారు కళ్లజోడు సవరించుకుంది.

"ఏంటమ్మాయ్, కూరని ఫైల్లో పెడుతున్నావా?"

"మీ అబ్బాయికి పురుగు సంతకం కావాలట అత్తయ్యా. పురుగు ఊళ్లో లేదు. దాని తరఫున నేను పెడుతున్నాను."

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించింది. ఇలాంటప్పుడు తల్లి కొడుకు పక్షం వహించాలని ఆవిడకు తెలుసు. కానీ పెళ్లయిన తొలినాళ్లలో ఆవిడ మొగుడు కూడా సరిగ్గా ఇలాంటివాడే. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"చాదస్తపు మొగుడు చెబితే వినడు, కొడితే ఏడుస్తాడని ఊరికే అన్నారా? ఇలా ఇవ్వు. అయ్యో, అలా వరసగా కాదే! పురుగు రిబ్బను కత్తిరించడానికి రాదు. కాస్త తాగి తూలినట్టు తిరగాలి. ఇక్కడొకటి, అదిగో ఆ మూలన ఒకటి."

టక్, టక్, టక్. బల్ల మీద ఆకుపచ్చ చుక్కలు రాలాయి. అత్తగారికి చెయ్యి తిరిగాక ఆపడం కష్టమైంది. క్యాబేజీ వైపు కూడా చూసింది గానీ ఇల్లాలు దాన్ని ఫ్రిజ్‌లో దాచేసింది. రాలిన చుక్కల్ని ఎక్కడ పడేస్తే దొరికిపోతామోనని సూపులో వేసేశారు.

ఆయన వచ్చాడు. ఆకు చూశాడు. పెళ్లినాటి ఫొటోలో కూడా అంత వెలుగు లేదు ఆ మొహంలో.

"చూశావా! మళ్లీ దారికొచ్చింది! నేను నలుగురిలో అన్నానో లేదో, మందు ఆపేసింది. మాట పడితేగానీ మనిషి మారదు."

తోటావిడ కష్టమంతా పోయి పోయి ఆయన ఖాతాలో పడింది. ఇల్లాలు నాలుక కరుచుకుంది. సూపు తాగుతూ ఆయన, "ఇందులో ఈ గుండ్రటి ఆకుముక్కలు భలే ఉన్నాయే, ఎలా తరిగావ్?" అన్నాడు. అత్తగారికి పొలమారింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆయన తనిఖీ ఇన్‌స్పెక్టరు కాబట్టి శాంపిల్ దాచాడు. చిల్లుల ఆకుల్ని ఏరి, తడిగుడ్డలో చుట్టి, ఫ్రిజ్‌లో పైఅరలో పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. మళ్లీ శనివారం రాగానే అందులోంచి ఒక ఆకును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని సంతకు వెళ్లి, జెండాలా పైకెత్తాడు.

"భయం లేదు! ఇదిగో, పోయినవారం పెట్టెలోదే. పురుగు సంతకం!"

ఇల్లాలు జనం మొహాల్లోకి చూసింది. ముందు చిరునవ్వులు పూశాయి. తరవాత మందుల షాపావిడ నవ్వు వాడిపోయింది.

"మా పెట్టెలో ఒక్క చిల్లూ లేదే?"

"మాకూ లేదు" అన్నాడు సెలూనాయన. "అంటే ఏంటి? మాస్టారు ఊరుకోరని ఆయనకు మంచి సరుకు, నోరులేనివాళ్లం మాకు మందు కొట్టిందీనా?"

తోటావిడ కవరు లాక్కుని చూసింది. మొహంలో రంగు దిగిపోయింది. "నా వల కిందకి పురుగు వచ్చిందా? ఎక్కడో కన్నం పడింది. మడి మొత్తం పీకేసి చూడాల్సిందే!"

ఇల్లాలి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. ఎవరూ ఏమీ అనకముందే భుజాలు తడుముకుంటూ తోటావిడను వ్యాను వెనక్కి లాక్కెళ్లి, గుసగుసగా మొత్తం చెప్పేసింది. తోటావిడ నోరు తెరిచింది, మూసింది, క్యాబేజీల బస్తా మీద కూలబడింది. నవ్వో ఏడుపో తెలియకుండా భుజాలు కదిలాయి.

"ఎంత పని చేశావు వదినా! ఇప్పుడు నేనేమనాలి? చిల్లులు నావే అంటే, మరి మిగతా వాళ్లకు మందు కొట్టినట్టు. నావి కాదంటే అన్నయ్యగారు అబద్ధం ఆడినట్టు. నువ్వు వెళ్లి చెబితే, నాకోసం నింద నెత్తినేసుకుంటున్నావంటారు."

"మరి ఎలా వదినా?"

"ఎవరి నోటి నుంచి మొదలైందో ఆ నోటితోనే సర్దాలి. వచ్చే శనివారమే ఆఖరు. అన్నయ్యగారు ఎప్పుడైనా 'తప్పు నాది' అన్నారా?"

ఇల్లాలు పెళ్లయిన నాటి నుంచీ గుర్తు చేసుకుంది. "ఒకసారి తుమ్మి 'సారీ' అన్నారు."

ఇంటికి వెళ్లే దారంతా ఆలోచించింది. నిజం మొహం మీద చెబితే ఆయన నమ్మడు. తోటావిడను కాపాడటానికి కట్టిన కథ అంటాడు. ఆయన నమ్మేది రెండింటినే, లోపాన్నీ వెర్నియరునూ. లోపం ఎలాగూ తయారుచేసి పెట్టింది. ఇక మిగిలింది వెర్నియరు.

ఆదివారం భోజనాలయ్యాక, బట్టలు మడత పెడుతూ ఏమీ ఎరగనట్టు అంది. "పాపం, తోటావిడ మడి పీకేస్తుందట. ఏ పురుగో తేలితే మందో మాకో చూసుకునేది. ఊళ్లో దాన్ని తేల్చగలిగే వాళ్లెవరున్నారు?"

ఆయన పేపరు మడిచాడు. "పురుగుల జాతిని చిల్లు సైజును బట్టి చెప్పొచ్చు" అన్నాడు. అలా చెప్పొచ్చని ఆయనకూ అప్పుడే తెలిసింది. "ఆ శాంపిల్సు తీసుకురా."

కిటికీ పక్కన బల్ల మీద తెల్లకాగితం పరిచి, ఆకులు పేర్చి, భూతద్దం పెట్టుకుని, వెర్నియరు తీశాడు. మొదటి చిల్లు కొలిచాడు. రెండోది కొలిచాడు. సంతోషంగా తలెత్తాడు.

"ఎంత క్రమశిక్షణ! రెండూ అచ్చం ఒకే కొలత. మా ఫ్యాక్టరీలో మిషన్లకు కూడా ఇంత కచ్చితత్వం లేదు."

"పురుగుకి ఉద్యోగం ఇప్పించండి" అంది ఇల్లాలు, దిండు గలీబు మడుస్తూ.

ఇంకో ఆకు. ఇంకో ఆకు. ఆయన సంతోషం మెల్లగా ఆశ్చర్యంగా మారింది. "విచిత్రం. చిల్లులన్నీ జంటలు జంటలుగా ఉన్నాయి. ప్రతి జంట మధ్యా ఒకే దూరం. రెండు పురుగులు పక్కపక్కన కూర్చుని తిన్నాయన్నమాట. మొగుడూ పెళ్లాం అయ్యుంటాయి."

"మొగుడూ పెళ్లాం అయితే ఆ దూరం రోజుకో రకంగా ఉంటుందిరా" అంది అత్తగారు, పేపరు వెనక నుంచి.

ఆయన వినిపించుకోలేదు. కొలతలన్నీ కాగితం మీద ఎక్కించాడు. పని పూర్తయిన కాగితాన్ని ఫైలు చెయ్యకుండా వదలడం ఆయన రక్తంలో లేదు. సొరుగు లాగి పంచింగ్ మిషను తీసి, కాగితం అంచు పెట్టి, టక్కున నొక్కాడు.

అంచున రెండు చిల్లులు పడ్డాయి. వాటి చుట్టూ లేత ఆకుపచ్చ మరక. మిషను అడుగు మూత ఊడదీశాడు. తెల్లచుక్కలతో పాటు, ఎండి ముడుచుకున్న ఆకుపచ్చ చుక్కలు బల్ల మీద రాలాయి.

ఇల్లాలు ఒకే దిండు గలీబును మడుస్తూ విప్పుతూ ఉంది. ఆయన చిల్లులు పడ్డ కాగితాన్ని తీసి ఆకు మీద పెట్టాడు. జంట మీద జంట సరిగ్గా కూర్చుంది. వెంట్రుకవాసి తేడా లేదు. ఫ్యాక్టరీలో అయితే పాస్ చేసేసేవాడు.

"అమ్మా" అన్నాడు.

"నన్నడక్కు. నాకు మిషన్ల సంగతి తెలీదు" అంది అత్తగారు. ఎప్పుడో వదిలిపోయిన ఆకుపచ్చ ఇంకా వేలికి ఉన్నట్టే అనిపించి, చేతిని చీర మడతల్లో దాచుకుంది.

ఆయన భార్య వైపు తిరిగాడు. "ఫోర్జరీ చేశావు."

"మీరే కదండీ, ఎవరూ చెయ్యలేరన్నది. నేనూ ఎవరో ఒకరినే కదా, చేసి చూద్దామనిపించింది." అంతవరకూ నవ్వు దాచుకున్న గొంతు అక్కడ మారింది. "మీరు సంతకం చూసి నమ్ముతారు, నేను వల చూసి నమ్మాను. పోయేది మాత్రం ఆవిడ తోట."

ఆయన వెర్నియరు జేబులో పెట్టుకుని లేచాడు. వారమంతా ముభావంగా ఫ్యాక్టరీకి వెళ్లొచ్చాడు. అలిగాడో, ఆలోచిస్తున్నాడో, రెండూ కలిపి చేస్తున్నాడో తెలియలేదు. శుక్రవారం రాత్రి భోజనం దగ్గర మాత్రం కంచంలోంచి తలెత్తకుండా, "ఆ వల కన్ను ఎంతుంటుంది?" అన్నాడు.

"కొలవలేదు. నా దగ్గర సూది తప్ప ఏముంది?"

శనివారం మైదానం కిటకిటలాడింది. ఎవరు ఉంటారో ఎవరు తప్పుకుంటారో చెప్పే రోజు. జనం మాత్రం ఎవరూ ముందు నోరు తెరవకుండా ఇన్‌స్పెక్టరుగారి కోసం చూస్తున్నారు. ఆయన తిన్నగా వ్యాను దగ్గరికి వెళ్లి, చుట్టచుట్టి ఉన్న వల అంచు పట్టుకుని, వెర్నియరు తీసి దాని కన్ను కొలిచాడు. పక్క కన్ను కొలిచాడు. ఇల్లాలు కుట్టిన కుట్టును కూడా లాగి చూశాడు. అది ఊడలేదు.

"ఏం మాస్టారూ, ఉండమంటారా, పొమ్మంటారా?" అన్నాడు సెలూనాయన.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "పునఃపరిశీలనలో కొన్ని సాంకేతిక అంశాలు బయటపడినందున, గతంలో వెలిబుచ్చిన అభిప్రాయంలో స్వల్పమైన సవరణ..."

"తెలుగులో చెప్పరా!" అంది అత్తగారు, నాలుగు వరసల వెనక నుంచి.

ఆయన చెవులు కందిపోయాయి. కుడివైపు చూశాడు, మందుల షాపావిడ. ఎడమవైపు చూశాడు, పెళ్లాం. ఆమె నవ్వడం లేదు. అదే ఆయనకు ఎక్కువ కష్టమైనట్టుంది.

"ఈ వలలోంచి చీమతల కూడా దూరదు" అన్నాడు. "ఆవిడ మందు కొట్టలేదు. నేను చూపించిన చిల్లులు పురుగువి కావు. మా ఇంటి పంచింగ్ మిషనువి. ఎవరు వేశారన్నది మా ఇంటి సంగతి. వేయాల్సిన అవసరం మాత్రం నావల్లే వచ్చింది." ఆ తరవాత ఇంకేదో అన్నాడు గానీ, అది ఆయన చొక్కా కాలరు దాటి రాలేదు.

తోటావిడ చేటంత చెవి చేసుకుని వ్యాను మీంచి వంగింది. "ఏంటన్నయ్యగారూ? ఆఖరి మాట వెనక బెంచీ వాళ్లకి అందలేదట!"

ఇన్‌స్పెక్టరుగారు పెట్టెలోంచి ఒక్క చిల్లూ లేని, నిగనిగలాడే పాలకూర ఆకును తీసి, మొన్న ఆ కవరును ఎత్తినంత ఎత్తుకే ఎత్తాడు.

"తప్పు నాదే అన్నానమ్మా! నాదే తప్పు!"